పాత ల్యాప్‌టాప్: బాగు చేయించి వాడుకోవాలా, బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు ఇచ్చేయాలా?

ఐదేళ్లు దాటిన ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే నాలుగైదు నిమిషాలు తీసుకుంటున్నప్పుడు, దానిలో ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు స్థానంలో పెట్టే, దానికంటే వేగమైన నిల్వ పరికరం) వేయించి ఇంకొన్నాళ్లు వాడుకోవాలా, అమ్మేసి ఆ డబ్బుకు కొంత కలిపి మరొకటి కొనాలా అన్న సందేహం చాలా ఇళ్లలో నెలల తరబడి తేలకుండా ఉండిపోతుంది. ఆ నెలల్లోనే దాని విలువ తరుగుతూ పోతుంది. అందువల్ల ఈ నిర్ణయానికి పనికివచ్చే కొలమానాలను ముందు చెప్పి, తర్వాత ఒక్కొక్క దారినీ వాటితో పోల్చి చూస్తాను. నా అభిప్రాయం మొదటే చెప్పడం మంచిది. విడిభాగాల మీద పెట్టిన డబ్బు, ఆ యంత్రాన్ని మీరే మరో ఏడాదిన్నర, రెండేళ్లు వాడుకుంటే గిట్టుబాటవుతుంది. అమ్మకపు ధర పెంచుకోవాలని పెట్టిన ఖర్చు మాత్రం ఒకటి రెండు సందర్భాల్లో తప్ప పూర్తిగా తిరిగి రాదు.

## అన్నిటికంటే ముందు ప్రాసెసర్ తరం

పాత ల్యాప్‌టాప్ విలువను ఈ రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయిస్తున్నది దాని ప్రాసెసర్ (పనులన్నీ చేసే ప్రధాన చిప్) ఏ తరానిది అన్న విషయమే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. వ్యక్తిగతంగా వాడుకునేవారు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు అందే ఏర్పాటు ఉన్నా, అది గడువును ఒక్క ఏడాది పొడిగించడమే. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్ సంస్థ ప్రాసెసర్లలో 8వ తరం గాని ఆ తర్వాతిది గాని కావాలి, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు కూడా ఉండాలి. ఏఎండీ అనే మరో సంస్థ ప్రాసెసర్ ఉన్న యంత్రమైతే మైక్రోసాఫ్ట్ ప్రకటించిన జాబితాలో ఆ చిప్ పేరు ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

8వ తరం దగ్గర పడిన ఈ గీత ఎంత పదునైనదో తెలియాలంటే సెకండ్ హ్యాండ్ మార్కెట్లో విరివిగా దొరికే రెండు లెనోవో థింక్‌ప్యాడ్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 2017లో వచ్చిన టీ470, 2018లో వచ్చిన టీ480 చూడటానికి దాదాపు ఒక్కలాగే ఉంటాయి. రెండింటిలోనూ లోపల ఒక బ్యాటరీ, బయట తీసి పెట్టుకునే మరో బ్యాటరీ ఉంటాయి. రెండింటిలోనూ డీడీఆర్4 రకం ర్యామ్‌కు (నడుస్తున్న పనులను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీకి) రెండేసి స్లాట్లు ఉంటాయి. కానీ టీ470లో ఎక్కువగా కనిపించే ఐ5-7200యూ ప్రాసెసర్ రెండు కోర్లది (కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేయగల భాగం), టీ480లోని ఐ5-8250యూ నాలుగు కోర్లది. మొదటిది విండోస్ 11 గీతకు ఇవతల, రెండోది అవతల ఉన్నాయి. ఒక్క ఏడాది తేడాతో తయారైన ఈ రెండింటిలో ఏది తీసుకోవాలో తెలిసిన కొనుగోలుదారు క్షణం కూడా ఆలోచించడు.

తరాన్ని గుర్తించడం కష్టం కాదు. ఐ3, ఐ5, ఐ7 తర్వాత అడ్డగీత (-) పక్కన వచ్చే మొదటి అంకె, 10వ తరం నుంచి మొదటి రెండంకెలు, తరాన్ని చెబుతాయి: ఐ3-5005యూ అంటే 5వ తరం, ఐ5-8250యూ అంటే 8వ తరం, ఐ5-10210యూ అంటే 10వ తరం. ‘ఐ7’ అన్న మాట ఒక్కటే విని ధర ఎక్కువ ఆశించేవారు, ఇవ్వజూపేవారు ఇద్దరూ ఉన్నారు. రెండు కోర్ల 4వ తరం ఐ7 ల్యాప్‌టాప్ కంటే నాలుగు కోర్ల 8వ తరం ఐ5 చాలా పనుల్లో మెరుగ్గా ఉంటుందన్నది ఇద్దరూ గుర్తుంచుకోవాలి.

## మూత విప్పితే ఏమి మార్చగలం?

రెండో కొలమానం, యంత్రంలో మార్చడానికి వీలున్నవి ఏవి అన్నది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ మీద నొక్కితే ర్యామ్ స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని నిండాయో కనిపిస్తుంది. అయితే సన్నని మోడళ్లలో ర్యామ్‌ను మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) మీదే అతికించేస్తారు కాబట్టి, ఆ సంఖ్యను నమ్మి ర్యామ్ కొనే ముందు తయారీదారు ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ చూడాలి. పైన చెప్పిన టీ480కు రెండు స్లాట్లు ఉండగా, దాని సన్నని రూపమైన టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డుకే అతికి ఉండి, ఒక్క స్లాట్ మాత్రమే ఖాళీకి దొరుకుతుంది. 2020 నవంబరులో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్, నిల్వ రెండూ మార్చలేనివే. దాని విషయంలో అప్‌గ్రేడ్ అన్న ప్రశ్నే లేదు. బ్యాటరీ మార్పిడి ఒక్కటే మిగిలిన ఖర్చు.

మార్చగలిగిన వాటిలో మొదటి స్థానం హార్డ్ డిస్కుది. నిమిషానికి 5400 సార్లు తిరిగే ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు వరుసగా చదివేటప్పుడు సెకనుకు సుమారు 100 ఎంబీ ఇస్తే, హార్డ్ డిస్కు వాడే సాటా కనెక్షన్‌తోనే పనిచేసే సాధారణ ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీకి పైగా ఇస్తుంది. అయితే మనకు తెలిసే అసలు తేడా ఆ సంఖ్యలో లేదు. విండోస్ నడిచేటప్పుడు చిన్న చిన్న ఫైళ్లను డిస్కులో వేర్వేరు చోట్ల నుంచి వెతికి తెస్తూ ఉంటుంది. హార్డ్ డిస్కులో ముల్లు ప్రతిసారీ కదలవలసి రావడం వల్లనే టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం చూపిస్తూ యంత్రం బిగుసుకుపోతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అందుకే హార్డ్ డిస్కుతో ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు ఒకే ఒక్క మార్పు చేయగలిగితే అది ఇదే కావాలి. డీవీడీ డ్రైవ్ ఉన్న మోడళ్లలో దాన్ని తీసి, క్యాడీ అనే చట్రంలో పాత హార్డ్ డిస్కును బిగించి రెండూ వాడుకోవచ్చు. క్యాడీ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7 మిల్లీమీటర్లా అన్నది కొలుచుకుని కొనాలి. ఎం.2 స్లాట్ (చిన్న పలుచని ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులో పెట్టే చోటు) ఉన్న మోడళ్లలో అది సాటా రకమా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకమా అన్నది తేల్చుకోకుండా ఎస్‌ఎస్‌డీ కొంటే అది స్లాట్‌లో కూర్చున్నా పనిచేయకపోవచ్చు.

ర్యామ్ విషయంలో పాత సలహా ఇప్పుడు చెల్లదు. ‘మరో 8 జీబీ వేయించండి, పెద్ద ఖర్చేమీ కాదు’ అని కొన్నేళ్లుగా అందరం చెబుతూ వచ్చాం. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ కారణంగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కనుక ర్యామ్ కొనే ముందు ఆ వారం ధర చూసుకోవాలి. పాత యంత్రాల నుంచి తీసిన ర్యామ్‌ను కూడా పరిగణించవచ్చు, కాకపోతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఒక రాత్రంతా పరీక్షించాకే దాన్ని నమ్మాలి. రకం తప్పకుండా సరిపోవాలి: 5వ తరం యంత్రాలు ఎక్కువగా 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్‌తో, టీ470, టీ480 లాంటివి 1.2 వోల్టుల డీడీఆర్4తో నడుస్తాయి. ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు.

## బ్యాటరీ, హింజ్, తెర

విండోస్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అనే ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీసుకుంటే, తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా ఛార్జ్ అయినప్పటి సామర్థ్యం రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే, కొనేవాడు కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించి అడుగుతాడని సిద్ధపడాలి. బ్యాటరీ ఉబ్బిన యంత్రం సంగతి పూర్తిగా వేరు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత సరిగా మూసుకోకపోయినా వెంటనే వాడటం ఆపి, ఛార్జింగ్ తీసేసి, తెలిసిన మెకానిక్ చేత బ్యాటరీని బయటికి తీయించాలి. అలాంటి యంత్రాన్ని విషయం చెప్పకుండా అమ్మడం మరొకరి ఇంట్లో నిప్పు పెట్టే ప్రమాదాన్ని అమ్మడమే అవుతుంది.

హింజ్ (మూత తిరిగే కీలు) విరిగి, మూత తెరిచినప్పుడల్లా బాడీ పగులుతున్న యంత్రానికి లోపల ఎంత మంచి భాగాలున్నా ధర పలకదు. తెర మీద గీతలు, మచ్చలు ఉన్నా అంతే. ఈ రెండు మరమ్మతుల్లో ఏది కావలసి వచ్చినా, 8వ తరానికి ముందు యంత్రమైతే ఖర్చు పెట్టవద్దనే చెబుతాను.

## వెల కట్టడం ఎలా?

కొన్నప్పటి ధరను పూర్తిగా మరచిపోవాలి. ‘నలభై ఐదు వేలు పెట్టి కొన్నాం, సగమైనా రావాలి కదా’ అన్న లెక్కకు మార్కెట్లో ఆధారం లేదు. కొనేవాడు చూసేది అదే డబ్బుతో తనకు ఇంకేమి దొరుకుతుందన్నది. అందువల్ల అదే తరం ప్రాసెసర్, అంతే ర్యామ్ ఉన్న రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగు చేసి మళ్లీ అమ్మకానికి పెట్టిన) ల్యాప్‌టాప్‌ను వారంటీతో అమ్మే దుకాణాల ధర ఎంతుందో చూడండి. అదే మీ ధరకు పైకప్పు, ఎందుకంటే వారంటీ లేకుండా అమ్మే వ్యక్తి వారంటీతో అమ్మే దుకాణం కంటే తక్కువకే ఇవ్వాలి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట రెండు మూడు దుకాణాల్లో ఒకే మోడల్ ధర అడిగితే ఒక గంటలో స్పష్టత వస్తుంది. ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించేవి అమ్మేవారు అడుగుతున్న ధరలే గాని అమ్ముడైన ధరలు కావు. రెండు నెలలుగా అలాగే ఉన్న ప్రకటన, ఆ ధరకు ఎవరూ కొనలేదన్న సంగతినే చెబుతోంది.

లెక్క ఎలా సాగుతుందో చూడటానికి కొన్ని ఊహా ధరలు అనుకుందాం. రీఫర్బిష్డ్ ధర రూ.20,000 ఉంటే, వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మేటప్పుడు నేనైతే దానిలో నాలుగింట మూడు వంతులు, అంటే రూ.15,000 దగ్గర మొదలుపెడతాను. బ్యాటరీ మార్చవలసి ఉండి దానికి రూ.2,500, ఒరిజినల్ ఛార్జర్ లేక మరో రూ.1,000 అవుతాయనుకుంటే రూ.11,500 మిగులుతుంది. దుకాణదారు ఇంకా తక్కువ ఇస్తాడు. అతను యంత్రాన్ని శుభ్రం చేయాలి, పాడైతే బాధ్యత పడాలి, అమ్ముడయ్యే వరకు డబ్బు ఆపుకోవాలి. ఆ తగ్గింపును మోసంగా భావించనక్కరలేదు.

ఇదే లెక్కను ర్యామ్‌కు వర్తింపజేస్తే నా మొదటి మాటకు కారణం కనిపిస్తుంది. కొత్త ర్యామ్‌కు మీరు ఇచ్చేది దుకాణం ధర. మీ యంత్రం కొనేవాడి దృష్టిలో అది పాత యంత్రంలోని పాత ర్యామ్ మాత్రమే. మధ్య తేడా మీ జేబులోంచే పోతుంది.

## దారులు ఒక్కొక్కటిగా

అప్‌గ్రేడ్ చేసి మీరే వాడుకోవడం. 8వ తరం, ఆపైన ఉన్న యంత్రానికి, హింజ్, తెర బాగుంటే, ఇదే అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రయోజనం ఇచ్చే దారి. ఎస్‌ఎస్‌డీ, అవసరమైతే ర్యామ్, ఆ తర్వాతే బ్యాటరీ అన్న క్రమంలో వెళ్లండి. మొత్తం ఖర్చు, అలాంటిదే రీఫర్బిష్డ్‌లో కొనే ధరలో మూడో వంతు దాటుతుంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

అప్‌గ్రేడ్ చేసి అమ్మడం. నేను ఒప్పుకునే సందర్భాలు రెండే. మొదటిది, మంచి తరం యంత్రంలో హార్డ్ డిస్కు మాత్రమే ఉంటే చిన్న సామర్థ్యపు ఎస్‌ఎస్‌డీ వేయించడం. కొనేవాడు మీ ఎదుటే దాన్ని తెరుస్తాడు. నాలుగు నిమిషాలు ఎదురుచూసిన మనిషి ఎంత తగ్గించినా తీసుకోడు, ఇరవై సెకన్లలో తెరుచుకుంటే బేరం వేరేగా మొదలవుతుంది. పైగా పాత హార్డ్ డిస్కు, దానిలోని ఫొటోలతో సహా మీ దగ్గరే ఉండిపోతుంది. దాన్ని బయటి డిస్కుగా మార్చే కేసింగ్‌లో పెట్టుకుంటే బ్యాకప్‌కు పనికివస్తుంది. రెండోది, పోయిన ఛార్జర్, ఊడిన కీ లాంటి చిన్న లోపాలు సరిచేయడం. వాటి ఖర్చు కంటే వాటిని చూసి కొనేవాడికి కలిగే అనుమానం పెద్దది.

ఉన్నదున్నట్టు అమ్మడం. సమయం లేనివారికి, 6వ, 7వ తరం యంత్రాలు ఉన్నవారికి ఇది సరైనది. 7వ తరం యంత్రంలో విండోస్ 11ను అడ్డదారిలో ఎక్కించి, ఆ మాట దాచి అమ్మేవారు ఉన్నారు. అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు అందుతాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఎక్కించి ఉంటే కొనేవారికి స్పష్టంగా చెప్పి, ధర తగ్గించి ఇవ్వడమే న్యాయం.

ఎక్స్ఛేంజ్. కొత్తది కొనేటప్పుడు పాతది ఇవ్వడంలో శ్రమ తక్కువ, ధర కూడా తక్కువే. ఎక్స్ఛేంజ్ ధరను కొత్త యంత్రం ధరతో కలిపి చూపిస్తారు కాబట్టి, ఎక్స్ఛేంజ్ లేకుండా అదే కొత్త యంత్రాన్ని మరో దుకాణం ఎంతకు ఇస్తుందో అడిగి, ఆ తేడాను మాత్రమే మీ పాత యంత్రానికి వచ్చిన ధరగా లెక్కించాలి. ఇంటికి వచ్చి పరిశీలించినప్పుడు ధర తగ్గించవచ్చన్న షరతు ఉందేమో కూడా చదవండి.

ఇంట్లోనో, తెలిసినవారికో ఇవ్వడం. 5వ తరం ఐ3, 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి మార్కెట్లో వచ్చేది చాలా తక్కువ. దానిలో ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కిస్తే ఇంటర్నెట్, వీడియో పాఠాలు, తెలుగులో టైపింగ్, ప్రోగ్రామింగ్ అభ్యాసం హాయిగా సాగుతాయి, భద్రతా అప్‌డేట్లు కూడా అందుతాయి. డబ్బుగా మారని విలువ ఇక్కడ ఒక విద్యార్థికి పూర్తిగా చేరుతుంది; ఈ దారిని ఇంకా ఎక్కువమంది ఎంచుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

| యంత్రం స్థితి | ఎంచుకోదగిన దారి | పెట్టదగిన ఖర్చు | పెట్టకూడని ఖర్చు |
|---|---|---|---|
| 8వ తరం, ఆపైన. బాడీ బాగుంది | మీరే వాడుకోవడం | ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ | అమ్మకం కోసం ర్యామ్ |
| 8వ తరం, ఆపైన. హింజ్ లేదా తెర పోయింది | మరమ్మతు అంచనా తీసుకున్నాక నిర్ణయం | అంచనా తక్కువైతే ఆ మరమ్మతు ఒక్కటే | మరమ్మతుతో పాటు అప్‌గ్రేడ్ |
| 6వ, 7వ తరం | ఉన్నదున్నట్టు త్వరగా అమ్మడం | ఛార్జర్, శుభ్రం చేయించడం | బ్యాటరీ, తెర |
| 5వ తరం, అంతకు ముందు | లినక్స్‌తో ఇవ్వడం | చిన్న ఎస్‌ఎస్‌డీ | మిగతావన్నీ |
| ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ | వాడుకోవడం లేదా అలాగే అమ్మడం | బ్యాటరీ, వాడుకుంటేనే | అప్‌గ్రేడ్‌కు వీలే లేదు |
| బ్యాటరీ ఉబ్బింది, బోర్డు పోయింది | పనికొచ్చే భాగాలు తీసి, మిగతాది ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు | ఏమీ లేదు | అన్నీ |

## ఎవరి అవసరం ఎలాంటిది?

ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థికి ఇంట్లో ఉన్న 8వ తరం యంత్రం 16 జీబీ ర్యామ్‌తో మొదటి రెండేళ్లు సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు అవసరమైన పనులు ఎదురైనప్పుడు కొత్తది కొంటే, అదే డబ్బుకు అప్పటికి మెరుగైనది రావచ్చు.

టాలీ అనే లెక్కల ప్రోగ్రామ్ వాడే చిన్న వ్యాపారి, డిజిటల్ సంతకం టోకెన్‌తో రిటర్నులు దాఖలు చేసే అకౌంటెంట్ లినక్స్ దారి పట్టకూడదు. వారికి విండోస్ కావాలి, మద్దతు ఉన్న విండోసే కావాలి. బ్యాంకు లావాదేవీలు జరిగే యంత్రాన్ని అప్‌డేట్లు ఆగిపోయాక వాడటం ఆదా కిందికి రాదు. తెలుగు డీటీపీ చేసేవారిది మరో లెక్క. అను ఫాంట్లు, పేజీలు దిద్దే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ కూర్పు మీద ఏళ్ల పని నిలిచి ఉన్నవారికి, ఆ కూర్పు సక్రమంగా నడుస్తున్న పాత యంత్రం మార్కెట్ ధర కంటే చాలా విలువైనది. దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, ఫైళ్లన్నీ మరోచోట బ్యాకప్ చేసుకుని, అదే పనికి అట్టిపెట్టుకోవడం మంచిది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. ఛార్జర్ సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు తీసుకుంటుంది కాబట్టి ప్లగ్ మారిస్తే చాలు; అయితే ఇక్కడి జీఎస్‌టీ బిల్లు ఉండదు. అక్కడి బిల్లు ఈమెయిల్‌లో ఉంటే దాన్నే వెతికి చూపించడం నమ్మకాన్ని పెంచుతుంది. కంపెనీ నుంచి పాత ల్యాప్‌టాప్ కొనుక్కున్న ఉద్యోగులు, దాన్ని కంపెనీ దూరం నుంచి నియంత్రించే నిర్వహణ వ్యవస్థ నుంచి విడుదల చేసినట్టు కంపెనీ చేత రాయించుకోవాలి. లేకపోతే ఫార్మాట్ చేశాక మళ్లీ కంపెనీ లాగిన్ అడిగే యంత్రం కొనేవాడి చేతిలో పడుతుంది.

## అమ్మేముందు, అమ్మే రోజు

ఫైళ్లు బ్యాకప్ చేసుకుని, ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రమైతే ముందు డ్రైవ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (తాళంచెవి లాంటి కోడ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చి), ఆపై విండోస్ రీసెట్‌లో అన్నీ తీసివేసే ఎంపికతో పాటు డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపికను కూడా పెట్టుకోవాలి. ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన సమాచారం పోదు. మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి ఆ యంత్రాన్ని తొలగించాలి. మ్యాక్ అయితే పోయిన యంత్రాన్ని వెతికే ఫైండ్ మై సదుపాయం ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ కావాలి. బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ ఉంటే తీసేయాలి. యంత్రంతో వచ్చిన విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి కొత్త యజమానికి వెళుతుంది. ఆఫీస్ లైసెన్సు సాధారణంగా మీ ఖాతాకు ముడిపడి ఉంటుంది కాబట్టి దాన్ని ధరలో చూపించకండి.

ప్రకటనలో బ్యాటరీ రిపోర్టు ఫొటో, ప్రాసెసర్ పేరు కనిపించే తెర, గీతలున్న మూలల దగ్గరి ఫొటోలు పెడితే అనవసరపు ఫోన్లు తగ్గుతాయి. సీరియల్ నంబరును ప్రకటనలో చూపించకుండా, నేరుగా వచ్చినవారికే చూపించండి. డబ్బు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవారిని, పిన్ కొట్టమనేవారిని అక్కడికక్కడే ఆపేయాలి, ఎందుకంటే యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌తో పని లేదు. మెసేజ్‌ను కాకుండా బ్యాంకు ఖాతాలో జమను చూసుకున్నాకే యంత్రం ఇవ్వాలి. మోడల్, సీరియల్ నంబరు, ధర, తేదీ, తెలిసిన లోపాలు రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకుంటే, ఆ యంత్రం తర్వాత ఎవరి చేతికి వెళ్లినా అది ఎప్పుడు మీ దగ్గర నుంచి వెళ్లిందన్నదానికి ఆధారం ఉంటుంది.